సంతకం చోట ప్యూపా

లాయరు గది. బల్లకు అటు లాయరు, ఇటు విడాకులకు వచ్చిన భార్యాభర్తలు.

“కుదరదండీ లాయరు గారూ. సంతకం పెట్టాల్సిన చోట అది ఉంది.”

“అదంటే?”

“ప్యూపా. మా నిమ్మ మొక్క మీది పురుగు. రెక్కలకి తోకలుండే రకం సీతాకోకచిలుక అవుతుంది.”

“దులిపేసి పెట్టండి.”

“దులిపేయడమా! లోపల ప్రాణం ఉందండీ!”

“ఈయన మొదట్నించీ ఇంతేనండీ. ఆ పురుగులు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టల్లా ఉంటాయి. నేను రెట్టే అనుకుని తుడవబోతే ఇల్లెగిరిపోయేలా అరిచారు.”

“రెట్టలా ఉంటేనే కదా పిట్ట ముట్టుకోదు! పురుగు తెలివి అది.”

“ఆ సంగతి మీకూ పురుగుకీ తెలుసు, నాకెవరు చెప్పారు? ఆనక పచ్చగా, బొద్దుగా తయారవుతాయండీ, వీపు మీద దొంగ కళ్ళేసుకుని. అందులో ఒకదానికి మా అన్నయ్య పేరు పెట్టారు లాయరు గారూ!”

“పోలికుంది.”

“ముట్టుకుంటే చాలు, నెత్తి వెనకనించి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి కంపు కొడుతుంది!”

“అదే నేనూ అంటున్నా. పోలికుంది.”

“విన్నారా? విన్నారా?”

“విన్నానమ్మా. అయ్యా, మీరొచ్చింది విడాకుల కాగితం మీద సంతకానికి. ఇది ఎన్నాళ్ళుంటుంది?”

“పది రోజులు. పదిహేను.”

“సరే, పదిహేను రోజులు ఆగుదాం.”

“ఒక్కోసారి చలికాలమంతా ఉండిపోతుంది.”

“అంటే?”

“నెలలు. కదలదు, మెదలదు. కొన్నయితే మరుసటేడు దాకా…”

“అయితే ఇంకో కాగితం టైపు చేయిస్తా.”

“వద్దండీ! అంటే… మీకెందుకు శ్రమ.”

“ఉండండి లాయరు గారూ. ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి. ఇది… ఇది కాగితం మీద కట్టుకున్నది కాదు.”

“నీకెలా తెలుసు?”

“ఆకుల్లో కట్టుకుంటే పచ్చగా ఉంటుంది, ఎండుపుల్ల మీదయితే మట్టిరంగులో ఉంటుంది. ఇది లేతాకులా ఉంది. మరి ఇక్కడికెలా వచ్చింది? నడుము చుట్టూ సన్నటి పట్టుదారం ఉండాలి, అది తెగింది. తోక దగ్గర చూడండి… జిగురు! జిగురండీ ఇది, మా ఇంట్లో చెప్పులకి రాసేది!”

“మీకివన్నీ ఎలా తెలుసమ్మా?”

“పదకొండేళ్ళుగా భోజనాల దగ్గర ఇవే కబుర్లు కదండీ! ఈ సీతాకోకచిలుకల్లో విషం లేని ఆడది విషమున్న రకం వేషం వేసుకుని తిరుగుతుందట, పిట్టలు జడుసుకుంటాయట. ఇంటికెవరొచ్చినా నన్ను చూపించి ఇదే జోకు.”

“నువ్వు వింటున్నావనుకోలేదు.”

“చెవులున్నాక వినబడవా? మాట మార్చకండి. అంటించారా, లేదా?”

“అంటించా.”

“ఎందుకు?”

“ఎందుకంటే… ఎండ తగలదని.”

“విడాకుల కాగితం మీదా?”

“చల్లగా ఉంటుందని.”

“సిగ్గు లేదూ! చదువుకున్న మనిషి చేసే పనేనా? లాయరు గారి పనంతా పాడుచేసి, ఆయన్నింతసేపు కూర్చోబెట్టి! ఎవరైనా వింటే నవ్విపోతారు.”

“గొడవెందుకమ్మా. పోయిన వారం చదువుకోమని మీకిద్దరికీ చెరో ప్రతి ఇచ్చాను కదా. ఆయనది పక్కన పెడదాం. మీ ప్రతి మీదే ఇద్దరూ సంతకం పెట్టేయండి.”

“నాదా? నాది… నలిగిపోయిందండీ.”

“పరవాలేదు.”

“ఇంట్లో మరిచిపోయినట్టున్నాను.”

“సంచిలోంచి కనబడుతోంది కదమ్మా. ఇదేగా? అరె… ఇక్కడా ఒకటి!”

“అయ్యో! నేను చూడనే లేదండీ. దానంతటదే పాకొచ్చి ఉంటుంది. పాపం, నడుముకి పట్టుదారం కూడా చుట్టేసుకుంది చూడండి!”

“నాకు పురుగుల సంగతి తెలీదు గానమ్మా, ఇది బట్టలు కుట్టే నల్లదారం. కాగితం వెనక్కి తిప్పితే మూడు ముళ్ళున్నాయి.”