ముందు వరసలో బాలశౌరి

"నేను చేసిందల్లా ఒక్కటే, హనుమయ్యా. నోరు తెరిచి 'వన్స్ మోర్' అన్నా. ఆ పైన జరిగిందాంట్లో నా తప్పేమీ లేదు," అన్నాడు బాలశౌరి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి కండువాతో మెడ తుడుచుకుంటూ.

ఉయ్యూరు బస్టాండు పక్కన రత్తయ్య టీ కొట్టు. పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన చెరుకు బళ్ళ వరస కొట్టు దాటి ఇంకా వెనక్కి పోయింది. తన బండి కదలాలంటే రెండు గంటలైనా పడుతుందని హనుమయ్య ఎడ్లకి ఇంత గడ్డి పడేసి వచ్చి బల్ల మీద మఠం వేసుక్కూర్చున్నాడు. ఆయనకి పొద్దు గడవాలి, కథ కావాలి. ఎదురు బల్ల మీద లాజరు. చర్చి పండగ కమిటీకి సెక్రటరీ, బాలశౌరికి మేనల్లుడు. అతనికి కథ అక్కర్లేదు, జవాబు కావాలి. చేతిలో పోస్టుకార్డు, జేబులో పెన్ను. పన్నెండు కొడితే టపా కట్టేస్తారు.

"మావయ్యా, ముందు అసలు సంగతి చెప్పు. శనివారం నువ్వు చూసొచ్చిన నాటకాన్ని మన పండక్కి రమ్మని రాయనా, వద్దని రాయనా? వాళ్ళకి వేరే ఊళ్ళ నించి కూడా పిలుపులున్నాయంట."

"చెప్పడానికేగదరా మొదలెట్టింది. మధ్యలో కాలడ్డం పెట్టబాక."

బాలశౌరి చాలా అలిసిపోయి ఉన్నాడు. నలభై ఏళ్ళ నించీ బెజవాడలో ఎక్కడ తెర లేచినా ముందు వరసలో ఆయన ఉండాలి. ఫ్యాక్టరీ కాటా దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్ళూ శని ఆదివారాలే. రిటైరయ్యాక రోజుకొకటి పెట్టుకున్నాడు. కిందటి వారం లెక్క తీస్తే సోమవారం ఎగ్జిబిషను, మంగళవారం గవర్నరుపేటలో ఎవరిదో సన్మానం, గురువారం సర్కసు, శుక్రవారం పాట కచేరీ, శనివారం గాంధీనగరంలో నాటకం. ఎవరు పాసు ఇచ్చినా కాదనలేడు. ఒకసారి కాదంటే మళ్ళీ పిలవరేమోనని బెంగ. గంటంపావు బస్సులో నిలబడి పోవడం, గంటంపావు నిలబడి రావడం. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి.

మోకాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియంది ఇంకోటుంది. ముందటేడు వానాకాలం నించీ హాల్లో దీపాలార్పితే చాలు, ఆయనకి నిద్ర ముంచుకొస్తోంది. అటు తెర లేస్తుంది, ఇటు ఆయన రెప్పలు వాలిపోతాయి, రెండూ ఒకే తాడుకి కట్టి లాగినట్టు. ఆ వానాకాలం నించీ ఆయన ఒక్క నాటకం కొస కూడా చూళ్ళేదు. శనివారం మెలకువగా చూసిందల్లా ఒక కిరీటం, ఒక జత మీసాలు, ఒక పద్యం.

కిందటి పండక్కీ అలాగే నిద్రపోయి వచ్చి "భేషైన నాటకం, కళ్ళు మూసుకుని పిలవండి" అన్నాడు. పిలిచారు. రెండో అంకంలో కథ ఆగిపోయి గాజుల చేతులు ఊపే ఆటలు, గల్లీ పాటలు మొదలయ్యేసరికి ఫాదరుగారు కుర్చీ మడిచి చంకన పెట్టుకుని మరీ వెళ్ళిపోయారు. అప్పట్నించీ లాజరు మాటలో మెత్తదనం తగ్గింది. ఈసారి కూడా తేడా వస్తే బెజవాడ వెళ్ళి నాటకం చూసొచ్చే పని ఇంకొకరికి పోతుంది. ఆ పని పోతే, పొద్దున్నే ఈ బల్ల మీద కూర్చుని చెప్పుకోడానికి బాలశౌరికి ఏమీ మిగలదు.

అందుకని ఆ ఒక్క పద్యాన్నే సాగదీయడం మొదలుపెట్టాడు.

"రాజు వచ్చాడయ్యా. వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు కాదది, గుళ్ళో గంట. ఆఖరి పాదంలో రాగం తీస్తే, నేను తాంబూలం వేసుకుని నమిలి ఉమ్మేసి వచ్చినా ఇంకా అది దిగలేదు. ఊరుకుంటానా? వన్స్ మోర్ అన్నా. పాపం, పాడాడు. మళ్ళీ అన్నా, మళ్ళీ పాడాడు. అట్టా పదిహేడుసార్లు."

"పదిహేడుసార్లూ ఒకటే పద్యమా?" అన్నాడు హనుమయ్య.

"ఒకటే పద్యం. పద్నాలుగోసారికి హార్మోనియం తిత్తి పగిలింది. పదిహేనోసారికి తబలా ఆయన వేళ్ళు వాచి ఉంగరం రాలేదు, కోసి తియ్యాల్సొచ్చింది. పదిహేడోసారికి రాజుకి గొంతు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనిషి స్టేజి దిగి తిన్నగా నా దగ్గరికొచ్చి, కిరీటం తీసి నా నెత్తిన పెట్టి, ఇహ నా వల్ల కాదు బాలశౌరిగారూ, మీరే కానివ్వండి అని సైగ చేశాడు."

"నువ్వు పాడావు."

"కూర్చున్న కుర్చీలోంచి లేవకండా పాడా. మోకాళ్ళు నొప్పులు కదా."

రత్తయ్య పాలగిన్నెలోకి నవ్వాడు. కొట్టు వెనక తొట్టి దగ్గర అతని భార్య మణెమ్మ వీపు ఇటు పెట్టి గ్లాసులు కడుగుతోంది. శనివారం ఆమె బెజవాడలో తమ్ముడింటికి వెళ్ళి ఆదివారం మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఒక్కడే కొట్టు నడుపుకున్న కోపం రత్తయ్యకి ఇంకా పూర్తిగా చల్లారలేదు.

"బాగుంది మావయ్యా. పాడ్డం అయిందిగా, కథేంది? ఆ రాజు కొసకి ఏమయ్యాడు?" అన్నాడు లాజరు.

తను నిద్రపోయాక ఆ రాజు ఏమయ్యాడో బాలశౌరికీ తెలుసుకోవాలనే ఉంది.

"కొస దాకా పోనిస్తేగదరా జనం? పక్కన సినిమా హాలుందా, అందులో ఫస్టు షో చూసేవాళ్ళందరూ నా పద్యం విని లేచి ఇటొచ్చేశారు. హాలు ఖాళీ. తెర మీద హీరో డైలాగు చెప్పి, వినేవాడు లేక, కాసేపు చూసి చక్కా పోయాడు. ఆ రాగం గాలికి రైల్వే స్టేషను దాకా పోయింది. మద్రాసు మెయిలు ప్లాట్‌ఫారం మీదుంది. సిగ్నలు పడింది. బండి కదిలితేనా? డ్రైవరు బొగ్గు పార చేత్తో పట్టుకునే దిగి వచ్చి నాలుగో వరసలో కూర్చున్నాడు. గార్డు పచ్చజెండా ఊపలేదు, జెండా కర్రతో తాళం వేశాడు."

"సర్లే," అన్నాడు హనుమయ్య, ఎంతో తృప్తిగా.

"నాకే విసుగొచ్చింది, ఒట్టు. ఇట్టా రోజూ అయితే మనిషన్నవాడు తట్టుకోగలడా? అయినా రాగాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకుపోయా. అక్కడ కృష్ణ మీద బారేజీ వణికింది. డెబ్భై తలుపుల్లో ఏడు తలుపులు వాటంతట అవే లేచినయ్. నీళ్ళు ఒక్కసారిగా కాలవల్లో పడ్డయ్. ఏం హనుమయ్యా, ఆదివారం తెల్లారి నీ చేలోకి నీళ్ళు రాలా?"

హనుమయ్య నోట్లో చుట్ట పక్కకి జరిగింది. "వచ్చినయ్," అన్నాడు నెమ్మదిగా. "వంతు మాది కాకపోయినా వచ్చినయ్. ఎవడు గండి కొట్టాడా అని పొరుగు చేనాయన్ని తిట్టొచ్చాను కూడా."

"పోయి క్షమాపణ అడుగు. అది నా రాగం."

లాజరు నవ్వలేదు. కార్డు మోకాలి మీద పెట్టుకుని పెన్ను మూత తీశాడు. "మావయ్యా, పదకొండున్నర. అందులో ఫాదరుగారు లేచిపోయే ఘట్టాలు ఏమైనా ఉన్నాయా, లేవా?"

బాలశౌరికి దాహం వేసింది. చల్లారిన టీ అడుగు తాగాడు. అబద్ధం చెప్పడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు గానీ, ఇవాళ ఒక్కో మాటా బస్సు టాపు మీదికి మూటలెక్కిస్తున్నట్టుంది.

"లేవడం కాదురా, లేచిపోయిన ఫాదరుగారు కూడా తిరిగొచ్చి కూర్చునే నాటకం అది. ఎందుకంటావా? నేను పద్యం దించేసరికి స్టేజి మీద చచ్చిపడున్నవాడు లేచి కూర్చున్నాడు. చచ్చి అప్పటికి అరగంట. లేచి కళ్ళు తుడుచుకుని, నాక్కూడా ఒక పద్యం రాసిపెట్టుంది, పాడి చస్తానన్నాడు."

"చచ్చిపోయింది ఎవరు మావయ్యా?"

బాలశౌరి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎవరు చావలేదని అడగరా," అన్నాడు.

"రాజు కొడుకండీ," అంది మణెమ్మ.

ఇటు తిరగలేదు. కడిగిన గ్లాసు బోర్లించి ఇంకోటి తీసుకుంది. "చచ్చిపోయింది రాజు కొడుకు. తన కొడుకని ఆ రాజుకి తెలీదు. దొంగనుకుని ఉరెయ్యమంటాడు."

రత్తయ్య పంపు స్టవ్వు వదిలి ఆమె వైపు తిరిగాడు.

"నీకెట్టా తెలుసు?" అన్నాడు రత్తయ్య.

"మా తమ్ముడు ఆ హాల్లో తెర లాగుతాడుగా. వచ్చినదానివి చూసిపో అక్కా అని పక్కన తాళ్ళ దగ్గర నించోబెట్టాడు. అక్కణ్ణించి నాటకం సగమే కనపడుద్ది. జనం మాత్రం మొత్తం కనపడతారు."

ఆ ఆఖరి మాట ఎవరికి ఎంత అర్థమైందో గానీ, హనుమయ్య మొహం మెల్లగా విచ్చుకుంది. "అయితే ముందు వరసలో మావాడు కూడా కనపడి ఉంటాడు."

మణెమ్మ చేతిలో గ్లాసు తోమిందే తోమింది. బాలశౌరి ఆమె వీపు వంక చూశాడు. ఇంకో కోత కోయొచ్చు. తాళ్ళ దగ్గర చీకట్లో నీకేం కనపడిందనొచ్చు. మాట నాలిక దాకా వచ్చింది కూడా. కానీ దాన్ని మోసే ఓపిక లేకపోయింది.

"చెప్పమ్మా," అన్నాడు. "పర్లేదు."

ఆమె ఇటు తిరిగింది. "మీరు కండువా మొహమ్మీద కప్పుకున్నారు బాబాయిగారూ. పక్కాయన మోచేత్తో రెండుసార్లు పొడిచాడు. మూడోసారి ఆయనే లేచి వెనక్కి పోయాడు. కొసన తెర పడేటప్పుడు హాలంతా చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. చప్పుడేమీ లేకపోబట్టే మీకు మెలకువ వచ్చినట్టుంది. లేచీ లేవగానే గట్టిగా 'వన్స్ మోర్' అన్నారు. మా తమ్ముడు హడిలిపోయి తాడు వదిలేశాడు. తెర సగంలో ఆగిపోయింది." చేతిలో గ్లాసు బోర్లించింది. "ఆ ఒక్కమాట మాత్రం మీరు చెప్పింది నిజమేనండీ."

హనుమయ్య చుట్ట కింద పడింది. రత్తయ్య స్టవ్వు బల్ల పట్టుకుని నవ్వాడు. లాజరు కూడా నవ్వాడు గానీ, మధ్యలో కిందటి పండగ గుర్తొచ్చినట్టుంది, ఆగి మేనమామ వంక చూశాడు. "పోయినేడు కూడా అంతేనా?"

"పోయినేడు కూడా అంతే," అన్నాడు బాలశౌరి.

చెప్పాక ఒళ్ళు తేలికైందేమోనని చూసుకున్నాడు. కాలేదు. అలసట అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని దాచే పని లేదు. చెప్పులు విడిచి కాళ్ళు బల్ల కిందకి చాపుకున్నాడు.

లాజరు కార్డు మణెమ్మ వైపు తిప్పాడు. "మరి నువ్వు చెప్పక్కా. మన ఫాదరుగారి ముందు, ఆడవాళ్ళ ముందు వెయ్యొచ్చా?"

"నాకేం తెలుసు, నాటకాలు చూసేదాన్నా," అంది మణెమ్మ. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. మళ్ళీ తనే అంది. "కొసన ఆ పిల్లాడి తల్లి వస్తుందండీ. రాజు ఎప్పుడో వదిలేసిన మనిషి. శవాన్నిమ్మని అడుగుద్ది. రాజు ఆవిణ్ణి పోల్చుకోలేడు, నువ్వెవరంటాడు. ఆవిడ ఏడవదండీ. కొడుకు పాదాలకి మట్టంటుకుని ఉంటే కొంగుతో తుడుస్తుంది. వేలు వేలు తుడుస్తుంది. అప్పుడు, ఈ ఊళ్ళో దాన్నే, ఎవరూ లేరు తీసుకుపోవడానికి, నేను తీసుకుపోతా అంటుంది. నీ కొడుకేనని చెప్పదు. చెప్తే రాజు బతకలేడని. రాజు సరే తీసుకుపొమ్మంటాడు. అంతే. తెర పడిపోద్ది."

ఫ్యాక్టరీ వైపు బళ్ళు నాలుగు గజాలు జరిగినయ్. వెనకాలెవరో హనుమయ్యని కేకేశారు. ఆయన లేవలేదు.

లాజరు వంగి రెండే రెండు వరసలు రాశాడు. రాసి, కార్డు మీద నోటితో ఊదాడు. "రమ్మని రాశా," అన్నాడు. తర్వాత ఎటో చూస్తూ, "వచ్చే శనివారం ఇంకో నాటకం ఉందంట. ఉగాదికి రైతులు పిలుద్దామంటున్నారు," అన్నాడు.

ఎవరు వెళ్ళాలన్నది అతను అనలేదు. బాలశౌరి చొక్కా జేబులోంచి ఆ నాటకానికి ముందే తెచ్చుకున్న పసుప్పచ్చ పాసు తీశాడు. దాన్ని రెండు వైపులా చూసి, టీ గ్లాసు కింద ఎగిరిపోకండా పెట్టి, బల్ల మీద మణెమ్మ వైపు జరిపాడు.

"ముందు వరస. కాళ్ళు చాపుకోవచ్చు," అన్నాడు. "అక్కణ్ణించి నాటకం మొత్తం కనపడుద్ది."

"శనివారం గ్లాసులెవరు కడుగుతారు?" అన్నాడు రత్తయ్య.

"నేను కడుగుతా. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు చేశా, నీ గ్లాసులొక లెక్కా? గంటకి వెయ్యి కడుగుతా," అన్నాడు బాలశౌరి. అన్నాక, "నాలుగు పగలగొడతా కూడా," అని కలిపాడు.

మణెమ్మ పాసు ముట్టుకోలేదు, అలాగని వద్దని కూడా అనలేదు. మళ్ళీ తొట్టి వైపు తిరగబోయింది.

"అమ్మాయ్," అన్నాడు బాలశౌరి. కండువా ఒళ్ళో ఉంది. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "ఆ తల్లి వచ్చే దగ్గర్నించీ."

"ఏవోయ్, ఇప్పుడు కూడా నిద్రపోయావా?" అన్నాడు హనుమయ్య.

"లేదు," అన్నాడు బాలశౌరి. తర్వాత, బారేజీ కాదు గదా బల్ల మీది గ్లాసు కూడా కదలనంత మెల్లగా అన్నాడు, "వన్స్ మోర్."

మణెమ్మ తొట్టి దగ్గర్నించి ఇటొచ్చింది. ఆ కొట్టు పెట్టిన తర్వాత మొదటిసారి గిరాకీల బల్ల మీద ఒక కొసన కూర్చుంది.

"ఆవిడ ఏడవదండీ," అని మొదలుపెట్టింది.