మూసాపేట రోడ్డు మీద నా గొంతు

"నాయినమ్మా, ఉద్యమం దినాలల్ల నువ్వు పాట పాడినవట గదా? నాయిన చెప్పిండు. నిజమేనా?"

ఎవరు, మీ నాయినా? వానికేం ఎరుక? వాడప్పుడు కారు తోలుకుంట ఎయిర్‌పోర్టుకు పోవుడు, వచ్చుడు, గదే సరిపోతుండె. ముందుగాల నువ్వు ఆ చెవులల్లకెళ్ళి వత్తులు తియ్యి. ఆఁ. ఇటొచ్చి కూసో. నేను మాట్లాడేది ఫోన్ల పడుతున్నదా? పడనీ తియ్. నువ్వు గూడ ఫోన్లనే ఏవో బాణీలు కడుతున్నవంట, అందుకని చెప్తున్న. లేకుంటె ఈ ముచ్చట ఎవ్వలికి చెప్పేది కాదు.

పాడిన బిడ్డా. కానీ ముందు పాడింది ఊరి కోసం కాదు, ఉద్యమం కోసం గూడ కాదు.

నేను మాదాపూర్‌ల ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తుంటి, ఎరుకే గదా. నలభై మంది పిల్లలు, అందరు కంప్యూటర్ ఆఫీసులోళ్ళే. మూసాపేటల మనిల్లు, ఆడికెళ్ళి షేర్ ఆటోల హాస్టల్‌కు పోయేదాన్ని. అప్పుడు పది రూపాలు ఆటోకు... కాదు కాదు, పది తర్వాత అయింది, ముందుగాల ఏడే. ఆ వంటింట్ల ఒక రేడియో ఉండె. నేను రేడియో ఇనేది అక్కడనే. మనింట్ల మీ తాత పెట్టనిచ్చేటోడు కాదు. ఎవలన్న కూనిరాగం తీసినా ఆయన లేచి బయటికి పోయేటోడు.

ఎందుకంటె... ఆగు, జర నీళ్ళియ్యి.

నీకొక మేనత్త ఉండె, ఎరుకనా? సూసినవా, నీకు గూడ తెల్వదు. సునీత. మీ నాయినకంటె పదేండ్లు చిన్నది; వాడప్పుడు ఊర్లె మా అమ్మ కాడ సదువుకుంటుండె. గట్ల సూడకు, ఇను.

మేము పాలమూరుకెళ్ళి వచ్చి నానక్‌రామ్‌గూడ కాడ బిల్డింగు పనిల పడ్డం. ఇప్పుడు నువ్వు ఆఫీసుకు పోయే అద్దాల బిల్డింగులు అప్పుడేడియి? అంత గుండ్లే, బండలే. ఒకటో రెండో లేస్తుండె. మాకు రేకుల షెడ్డు ఇచ్చిన్రు. మీ తాత తాపీ మేస్త్రి. ఆయనకొక రేడియో ఉండె, పనిల ఉన్నంతసేపు అది మోగాల్సిందే. ఆ పిల్ల దానికి చెవి ఆనిచ్చి కూసునేది. ఆటకు పోదు, ఒక్క తిండికి లేస్తది. పాట అయిపోతె మళ్ళ మొదటికెళ్ళి పాడేది. మాటలు గుర్తు లేని కాడ దాని మాటలు అదే కలుపుకునేది. "రేడియో పిట్టా" అని పిలిచేటోడు మీ తాత. నేను గూడ గదే పిలిచేదాన్ని.

జ్వరమొచ్చింది. కూలి పోతదని మూడు దినాలు ఊకున్నం... అబద్ధమెందుకు బిడ్డా, మామూలు జ్వరమే అనుకున్నం. నాలుగో దినం పిల్ల కండ్లు తేలేసింది. ఆటో లేదు, బస్సు లేదు. మీ తాత భుజం మీద ఏసుకుని గచ్చిబౌలి దిక్కు ఉరికిండు. ఎనుక నేను. దవాఖాన ఇంకెంత దూరమో అడగనీకె ఒక దుకాణం కాడ ఆగినం. అక్కడ సూసుకుంటె పిల్లకు పానం లేదు.

ఆ దినంకెళ్ళి రేడియో బందు. దాన్ని ఏడ పడేసిండో గూడ నేను అడగలె. పిల్ల పేరు ఎత్తనియ్యడు. పన్నెండేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం, ఒక్కసారి గూడ ఆ పేరు అనుకోలె.

మరి నాకు? నాకు లోపల ఆగకపోయేది. హాస్టల్ల ఉల్లిగడ్డలు కోసుకుంట పాడుకునేదాన్ని. అప్పుడైతె కండ్లల్ల నీళ్ళొచ్చినా ఎవ్వరు అడగరు గదా. పాటంటె ఏందో పెద్దది అనుకోకు. ఒక మాట దొరుకుతది, దాని పక్కకు ఇంకొకటి. నచ్చకపోతె మరునాడు మార్చుడు. గట్ల నాలుగైదు నెలలకు ఒక పాట అయింది.

"రేకుల నీడల రేడియో పిట్టా, ఏ కొమ్మ మీద వాలినవే?
పిలిస్తే పలికే గొంతుండె నీకు, ఇయ్యాల ఎందుకు పలకవే?"

గట్ల పోతది.

ఇగ హాస్టల్ల మాధవి అని ఒక పిల్ల. ప్రొద్దుటూరు దిక్కు. దాని రూముల చిన్న మీటల పెట్టె ఒకటి ఉండె. ఐతారం వస్తె దాన్ని కంప్యూటర్‌కు తగిలిచ్చి ఏదో ఒకటి వాయిచ్చుకునేది. ఆఫీసు పని కాదు, సరదాకే. ఒకపారి బంద్ అయింది. పిల్లలందరు ముందే ఊర్లకు పోయిన్రు, దానికి బస్సు దొరకలె. నేను పొద్దుగాల్నే మూసాపేటకెళ్ళి నడుసుకుంట పోయిన. వంటింట్ల ఒక్కదాన్నే అనుకుని గొంతెత్తి పాడుతున్న. తిరిగి సూస్తె తలుపు కాడ ఆ పిల్ల, చేతిల ఖాళీ ప్లేటు.

"పెద్దమ్మా, ఇంగోసారి పాడవా? రికార్డు చేసుకుంటా."

"ఎందుకు బిడ్డా, ఇదేమన్న పాటనా?"

"నేను వినుకునేదానికి. ఎవరికీ వినిపియ్యనులే."

పాడిన. ఎవల గురించి అని అది అడగలె, నేను చెప్పలె. వారం పోయినంక రూముకు తీస్కపోయి ఇంతింత చెవి డిప్పలు నా తలకు పెట్టింది. అమ్మో! ఉలిక్కిపడ్డ బిడ్డా. నా తలకాయ లోపల నేనే పాడుతున్న! నోరేమో మూసే ఉంది. గుంజి పడేసిన. అది నవ్వింది. గంతే అనుకున్న.

తర్వాత ఉద్యమం బాగ జోరైంది. రోజొక తీరు. ఒకనాడు బంద్, ఒకనాడు రైళ్ళ పట్టాల మీద కూసునుడు. హాస్టల్ల పిల్లలు గూడ ఈ దిక్కోళ్ళు ఒకటి, ఆ దిక్కోళ్ళు ఒకటని రెండు టేబుళ్ళకు పంచుకుని తినుడు మొదలుపెట్టిన్రు. మాధవి అయితె ఆటోల నోరు తెరిచేది కాదు. యాస విని ఎవలన్న ఏమన్న అంటరేమో అని దాని భయం.

గప్పుడే మూసాపేటల వంటావార్పు పెట్టిన్రు. వంటావార్పంటె, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడనే వండి, అక్కడనే కూసుండి తినుడు, బండ్లు పోనియ్యకుంట. ఇప్పుడు మెట్రో స్టేషన్ ఉన్న కాడనే. "నలభై మందికి వండేదానివి, నువ్వు రాకుంటె ఎట్ల" అని గల్లీ ఆడోళ్ళు పిలిస్తె పోయిన. మీ తాత ఇటుకలు పేర్చి పొయ్యి కట్టిండు. బగారా అన్నం కలుపుతున్న. మస్తు జనం.

మైకుల ఒకాయన అంటున్నడు: "ఇప్పుడు వినండి! ఒక అమరుని తల్లి, చేతికొచ్చిన కొడుకు కోసం ఏడ్సుకుంట పాడిన పాట!"

డప్పు మోగింది. ఆ ఎనుక గొంతు లేసింది.

నా గొంతు.

బిడ్డా, నీకు ఎట్ల చెప్పాలె? గంటె చేతిల కెళ్ళి జారి గంజుల పడ్డది. అన్నం పొంగినా, మాడినా నాకేం తెలుస్తలేదు. అంత పెద్ద డబ్బాలల్ల, రోడ్డు ఈ కొసకెళ్ళి ఆ కొసదాంక, నేనే. "రేకుల నీడల రేడియో పిట్టా." ముందుగాల ఏమనుకున్న ఎరుకనా? నాకు పిచ్చి లేసింది అనుకున్న. పక్కకు సూస్తె ఆడోళ్ళందరు కొంగు నోట్ల పెట్టుకుని ఏడుస్తున్రు. అయితె ఇది వాళ్ళకు గూడ వినొస్తుందన్నట్టు!

అప్పుడు యాదికొచ్చి మీ తాత దిక్కు సూసిన.

ఆయన చేతిల ఇటుక ఉండె. దాన్ని మెల్లగ కింద పెట్టిండు. నన్నే సూస్తున్నడు. ఆ రోడ్డు మీద గంత మందిల ఆ పిట్ట ఎవలో ఎరుక ఉన్నది మా ఇద్దరికే. నా మీదికి వస్తడనుకున్న. రాలె. తుండుగుడ్డ తల మీద కప్పుకుని డివైడర్ మీద కూసున్నడు. పాట అయిపోయినా లేవలె.

రెండు దినాలు ఆయన ముద్ద మింగుడు గూడ నేను సూడలె.

మరునాడు నేను పోయి మాధవిని నిలబెట్టి అడిగిన. "ఎవరికీ వినిపియ్య అన్నవు గదనే? నా కడుపు కోతను నడిరోడ్డు మీద పెట్టినవు గదనే?" అది తెల్లబోయింది.

"కడుపు కోత ఏంది పెద్దమ్మా? ఆ పాట నిజంగా ఎవరి మీదనో ఉందా?"

చెప్పిన. అక్కడనే నేల మీద కూలబడ్డది. ఆఫీసుల వరంగల్ పిలగాడు ఒకడు దానితోటే పనిచేస్తడట, డప్పు కొడతడట. వానికి వినిపిచ్చింది. వాడు డప్పు కలిపి దోస్తులకు పంపిండు. ఆ దోస్తులు ఇంకెవలకో. ఫోన్ల కెళ్ళి ఫోన్లకు పోయి ఎవరో అమరుని తల్లి అని పేరు పెట్టిన్రు.

"తప్పైపాయ పెద్దమ్మా. నా పేరు కూడా ఏడా చెప్పొద్దన్నా. నా ఊరు తెలిస్తే ఎవరూ వినరని."

"ఆపు మరి దాన్ని."

"ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు పెద్దమ్మా," అన్నది. నోట్ల కెళ్ళి వచ్చిన మాటను నేను వాపస్ తీసుకోలేనా? గిదేం లోకం?

మూడో దినం ఆ మైకాయన మనింటికే వచ్చిండు. గొంతు నాదని గల్లీ ఆడోళ్ళు గుర్తుపట్టి చెప్పిన్రట. ఎంట ఇద్దరు మనుషులు, చేతిల పూలదండ.

"అమ్మా, ఐతారం మీటింగుల నువ్వు స్టేజి మీద పాడాలె. మీ కొడుకు ఫోటో ఒకటియ్యి, ఫ్లెక్సీ ఏపిస్తం."

మీ నాయిన లోపల పండుకుని ఉన్నడు, డ్యూటీ దిగొచ్చి! వాని ఫోటోకు దండ ఏస్తమంటున్రు! అప్పుడు మీ తాత గోడకు ఆనుకుని కూసున్న కాడికెళ్ళే అన్నడు:

"కొడుకు బతికే ఉన్నడు. పోయింది బిడ్డ. సునీత."

పన్నెండేండ్ల తర్వాత బిడ్డా. ఆయన నోట్ల కెళ్ళి ఆ పేరు. వచ్చినోళ్ళు ఒకరి మొఖం ఒకరు సూసుకున్రు. "జర గిట్లనే ఉండనియ్యమ్మా, జనం నమ్మిన్రు" అన్నడు మైకాయన. నేను మీ తాత దిక్కు సూసిన. "పాడాల్నంటె దాని పేరు చెప్పి పాడు. లేకుంటె పోకు," అన్నడు.

పోయిన. మైకు ముంగట నిలబడి ఉన్నది ఉన్నట్టే చెప్పిన. నేను అమరుని తల్లిని కాను, నా బిడ్డ జ్వరంతోటి పోయింది, మేము కట్టిన బిల్డింగుల నడుమ దవాఖానకు తొవ్వ లేక పోయింది, దాని వయసు ఏడు. మైకాయన ఎనుకకెళ్ళి గుంజిండు. ఆడోళ్ళు "పాడనియ్" అని మొత్తుకున్రు. పాడిన. డప్పు లేదు, ఏం లేదు. సప్పట్లు గూడ కొట్టలె ఎవ్వరు. ముంగట వరుసల ఒకామె కూసుని ఉన్నది, ఒడిల కొడుకు ఫోటో. నిజంగ పోయిన పిలగాడు. ఆమె దుఃఖాన్ని నేను దొంగిలిచ్చిననేమో అని ఆమె మొఖం సూడలేకపోయిన. దిగంగనే నా చెయ్యి పట్టుకుంది.

"మావోనికి ఇరవై," అన్నది. గంతే. శానాసేపు చెయ్యి ఇడువలె.

నన్ను మళ్ళ ఎవ్వరు స్టేజికి పిలవలె. పాటను మాత్రం అట్లనే, కొడుకు పాటనే అని ఏసుకున్రు. మాధవి ఆ దినం టెంటు ఎనుక చున్నీ కప్పుకుని నిలబడ్డది, నేను సూసిన. తర్వాత బెంగుళూరు పోయింది. పెండ్లయింది, అప్పుడప్పుడు ఫోన్ చేస్తది.

కానీ నేను చెప్పాల్ననుకున్నది గిదంత కాదు. ఆ మరునాడు పొద్దుగాల, నేను బియ్యం ఏరుతున్న. మీ తాత వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"ఏడు అన్నవు స్టేజి మీద. ఏడు కాదు. ఆరు నిండి మూడు నెలలు."

"అవునా" అన్న.

ఇగ అప్పుడు, ఇను బిడ్డా, నా పాట రాగంల కాదు, వేరే రాగంల, గొంతు పగిలిపోతుంటె, మీ తాత పాడుడు మొదలుపెట్టిండు. ఒక్క చరణం కాదు, మూడు. దాని కాళ్ళకు సిమెంటు అంటుకునేది, అది ఒక చరణం. నా భుజం మీద ఎంత బరువుంటివో, అది ఒకటి. అవి ఒక్కనాడు కట్టిన పాటలు కావు, నాకు ఎరుకైతది గదా. గోడలు కట్టుకుంట, ఆ పన్నెండేండ్లు, ఆయన గూడ లోపల లోపల కట్టుకున్నడు! నేనేమో రాయి అనుకున్న ఆ మనిషిని. చేతిల చాట అట్లనే పట్టుకుని కూసున్న.

ఇప్పటికి గూడ తలుసుకుంటె నాకు... సాలు తియ్. ఆఁ, అన్ని పడ్డయా ఫోన్ల? మంచిగ కట్టుకో నీ బాణీలు. నీ నోటి పాట వినేటోళ్ళు నీ ఇంట్లనే దొరకాలె బిడ్డా, నూరేండ్లు దొరకాలె. పో, మీ నాయిన లేసినట్టున్నడు, సునీత సంగతి నీకు నేనే చెప్పిననని వానికి చెప్పు... జర నన్ను లేపు...