విప్పి కుట్టమంది

హలో… ఆ, నేనే అక్కా. నాకు భయంగా ఉంది. నా కూతురు నాలాగే తయారవుతుందేమోనని.

…లేదు, ఒంట్లో బాగానే ఉంది. దాన్ని బడికి పంపి కుట్టుషాపుకొచ్చా. మెషీన్ ముందు కూర్చున్నా, చెయ్యి ఆడట్లేదు.

…ఏడవట్లేదు. జలుబు.

…సరే, ఏడుస్తున్నా.

పొద్దున ఇంట్లో చొక్కా చెయ్యి తేడాగా వచ్చిందని కుట్లు విప్పుతున్నా. బడికి తయారైన మన పిట్ట ఎదురుగా వచ్చి నించుంది. "అమ్మా, నన్ను కూడా విప్పి మళ్ళీ కుట్టు. ఈసారి మంచిగా వస్తా" అంది.

…ఆటకి కాదక్కా! గౌను పైకెత్తి పొట్ట చూపించింది. నొప్పి పెట్టినా ఏడవను అంది.

…ఎవరు నేర్పుతారు? నేనే. తెల్లారితే ఫోన్లో ఆ వీడియోలు పెడతాగా… మారండి, మెరుగవండి అని. అవి వింటూ, వంట చేస్తూ, నన్ను నేనే తిట్టుకుంటా. మొద్దుదాన్ని, సగం చదువుదాన్ని అని. అది పక్కనే కూర్చుని తింటూ ఉంటుంది.

…దాన్నా? ఒట్టు, ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఏమంటారు? "అచ్చు అమ్మే" అనేగా! అమ్మే మొద్దయితే, అదేమనుకుంటుంది?

…ఏమంటాను? ఇంతలో ఆటో వచ్చింది, ఎక్కించేశా. "సాయంత్రం కుడతావా?" అంది.

…సరేనని తల ఊపానక్కా.

…

అక్కా, చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని?

…ఈల వేసేదాన్నా? నేనా?… నాన్న మంచం కింద దూరి మరీనా! అయ్యో, ఆయన ఉలిక్కిపడి లేచి… అవునవును. మర్చేపోయా చూడు.

…ఆ, ఈలలు మానేసింది బడి మానిపించాకే. అప్పట్నుంచీ నన్ను నేను బాగుచేసుకుంటూనే ఉన్నా. ఎక్కడ బాగయ్యా? నాకు లెక్కలు రావు. రావంతే. ఈ భయమూ అంతే, పుట్టుమచ్చలాంటిది, రుద్దితే చర్మం లేస్తుంది గానీ అది పోదు. ఉండనీ. నేనింతే అక్కా.

…పిట్టకా? చెప్తా. సాయంత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్తా. ఏమని చెప్పాలో తెలీదు, అయినా చెప్తా.

అక్కా, బడి మీ ఇంటెదురేగా. ఒక్కసారి తరగతి కిటికీలోంచి చూసి రావా? పిలవకు. బాగా చదువుతున్నావా అని మాత్రం అడక్కు, నీకు పుణ్యముంటుంది. పక్కపిల్లలతో నవ్వుతుందో లేదో చూడు, చాలు. నవ్వుతుంటే ఫోన్ చెయ్యి.

…నవ్వకపోయినా చెయ్యి.

ఇప్పుడే వెళ్ళవే అక్కా. పెట్టేస్తున్నా, వెళ్ళు—