బూడిదరంగు గిన్నె

హాంకాంగ్‌లో వేలానికి ముందురోజు, అద్దాల బీరువా ముందు ఆమె ఆగిపోయింది. లోపలి గిన్నె అంచనా ధర రెండు కోట్ల డాలర్లని రాసి ఉంది. పక్కనే ఆమె గురువు, పాత పింగాణీ పరీక్షలో చెయ్యితిరిగిన మాక్.

"ఇది మా అమ్మమ్మ గిన్నె కదండీ?"

"ఇలాంటివి చాలా ఉంటాయమ్మా."

"అంచున ఆ పెచ్చు చిన్నప్పుడు నేను ఎగరగొట్టిందే. మోకాళ్ళ మీద కూర్చుని టీ అందించి మీ శిష్యురాలినైన రోజున తెచ్చి చూపించాను. ఎరుపు రాలేదు, బూడిదరంగు తిరిగింది, నకిలీదన్నారు."

"అప్పుడు నాకూ తెలియదు."

"చైనాలో మింగ్ రాజుల తొలినాళ్ళలో రాగితో వేసిన ఎరుపు రంగు బట్టీలో చాలావరకు బూడిదరంగుకే తిరిగేదని తర్వాత నేర్పింది మీరేగా!"

"నువ్వే ఇచ్చావుగా, ఊరికే."

"మీ పెంపుడు చేపలకు మేత కలపడానికి పనికొస్తుందన్నారు. ఇచ్చాను."

"అలాగే వాడాను. ఈమధ్యే అనుమానం వచ్చింది."

గిన్నె పక్కన దాని పెట్టె తెరిచి పెట్టారు. ఆ గిన్నె కొలతకే చేయించిన పట్టు పెట్టె. మూత లోపల మాక్ దస్తూరీతో తేదీ ఉంది. ఆమె టీ అందించిన రోజుకు మర్నాటిది.

"చేపల గిన్నెకు పట్టు పెట్టె చేయించారా, గురువుగారూ?"