బావ ఆపని టైమర్

హలో… ఆ, నేనే. నాలుగుసార్లు చేస్తే ఇప్పటికి తీరిందా బావా?… సెలవైతే ఏం, నువ్వు రాసిన ప్రోగ్రాంకి సెలవు లేదుగా.

పళ్ళ డాక్టరమ్మ మన ఆఫీసుకే వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు… ఆవిడే… లేదు, నవ్వడం లేదు.

ఏమైందా? 'రేపు మీ పన్ను తీస్తాం' అని పేషెంటుకి ఒక్క మెసేజ్ వెళ్ళాలా… పదకొండింటికి తలా ఎనిమిది వెళ్ళాయి. ఒక పెద్దాయన ఫోన్ చేసి, 'అమ్మా, నాకున్నవే ఆరు' అన్నాడట.

నవ్వకు. పన్నెండింటికి ఇంకో విడత వెళ్తుంది. ఇప్పుడు పదకొండూ యాభై. ఈసారి ఒక్కటి ఎక్కువ వెళ్ళినా మన ప్రోగ్రాం పీకేస్తానంటున్నారు.

సెలవని పేరేగానీ, పొద్దున్నుంచి ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు మార్చి పెట్టావు?… ఏడా? మొదటిదాంతో ఎనిమిది. సరిపోయింది.

…పాతది ఆపే పెట్టావు, కాదనను. అది ఆగింది. గంటగంటకీ మెసేజ్ పంపమని అది లేపిన టైమర్ ఆగలేదు. ఎనిమిదీ లోపల తిరుగుతూనే ఉన్నాయి.

సర్వర్ ఆపదా?… అదెందుకు ఆపుతుంది? లేపినవాడే పడుకోబెట్టాలి. మొదలయ్యేచోట నలభై లైన్లు రాశావు. ముగిసేచోట ఏం రాశావో చదవనా?… 'తర్వాత చూద్దాం'. అంతే. రెండేళ్ళ కిందటి తేదీ.

లైటు వెయ్యడమేగానీ ఆర్పడం తెలీదని అక్క ఊరికే అంటుందా.

సరే, ఆ ముగిసేచోట ఏం రాయాలో చెప్పు, కొడుతున్నా. టైమర్ ఆపు… ఆ… డేటాబేస్ కనెక్షన్లు మూసెయ్… అయింది. కానీ ఆ పాత ఎనిమిదీ దీనికి లొంగవు. సర్వర్ మొత్తం ఆపి లేపాలి.

డాక్టరమ్మా, రెండు నిమిషాలు మీ స్క్రీన్లు ఆగుతాయి, పర్లేదా?… సరేనన్నారు బావా. దణ్ణం పెట్టుకో.

…లేచింది.

…పన్నెండు. ఆగు, పరీక్షకని తన నంబరూ పేషెంట్లలో పెట్టించుకున్నారు ఆవిడ, ఫోన్ చూస్తున్నారు… ఒకటి… ఇంకా చూస్తున్నారు… ఒక్కటే.

…వెళ్ళిపోయారు. కొంచెం నవ్వారు కూడా, పళ్ళు కనబడకుండా.

చాలా భయపడ్డాను బావా. నేనే ఏదో నొక్కానని అనుకున్నారావిడ… సరే, ఉంటాను. అక్కని అడిగానని చెప్పు.

…బావా?… కట్ చెయ్యకుండా పెట్టేశావా?

…ఏంటీ, అక్కతో ఏమంటున్నావు? నేను తప్పు చేశానా? నువ్వు ఆదుకున్నావా?

బావా, నాకంతా వినబడుతోంది.

అక్కా… అక్కా, ఆ బల్లమీద ఫోన్ తియ్యి… ఆ, నేనేనే. కూర్చో, అసలేం జరిగిందంటే—

…హలో? హలో?

ఇప్పుడు మాత్రం ఆపడం వచ్చింది.