వరదమ్మ వరదు అయిన కత

ఏం పేరు, వరదూనా? ఇట్ల దా యశూ, కూచో. నీ బిడ్డకి మా అమ్మ పేరు పెడతానంటే నాకు సంతోషమే. అయితే, అది ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదే. అసలు పేరు వరదమ్మ. కడంబత్తూరులో వాళ్లమ్మ కంచి వరదరాజస్వామికి మొక్కోని పెట్టుకునింది. పావం, పిల్ల నడక నేర్చే లోపలే ఆ తల్లి పోయింది. పెండ్లయి ఈ కండిగైకి, ఇదో ఈ ఇంటికే వస్తే, అత్త పేరూ వరదమ్మే! మా నాయన ఏకాంబరం తల పట్టుకున్యాడంట, ‘మాయమ్మ పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్లరా అరిచేది?’ అని. అంతే, అందరూ కూడి ‘ఈ రోజునించి నువ్వు సుందరివి’ అనేసినారు. ఆ పిల్లని ఒక మాట అడిగినారా? ఊహూ.

మా అమ్మ పలకలా. పనంతా చేసేది, ‘సుందరీ’ అంటే మాత్రం తిరిగి చూసేది కాదు. చెవిటి పిల్లని అంటగట్టినారని వీధిలో చెప్పుకున్యారంట, చూడు! మా నాయనకి రోషమొచ్చి, ‘పుట్టింటికి పంపించేస్తా’ అన్న్యాడు. అప్పుడు నోరిప్పింది. ‘పంపిస్తే పోతా. మాయమ్మ మొగం కూడా నాకు గుర్తులేదు. ఆమె ఇచ్చిందని నాకుండేది ఈ పేరొకటే. దీన్ని ఇడిసిపెట్టను.’

ఆ తర్వాత కొన్నాళ్లకే, వీధిలో పడుగు సాగదీసి గంజి పెడతా ఉన్న్యారు. నీకు యాడ తెలుస్తుంది, ఇప్పుడంతా పవర్‌లూమే కదా. అప్పుడు మగ్గానికెక్కే ముందర దారాలన్నీ వీధి పొడుగునా కట్టి ఆరబెట్టల్ల. దబదబా వాన దిగింది. దారం తడిస్తే ముద్దయిపోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. మా అవ్వ, అదే మా అమ్మకి అత్త, ఒంటిగా ఒక కొన పట్టుకోని, ‘సుందరీ! ఒసే సుందరీ!’ అని అరస్తా ఉంది. పెరట్లోనించి పలుకే లేదు. ‘ఏమ్మా, వాన తెలీలేదా?’ అని నేనొకసారి అడిగినా. ‘తెలుసు. ఆ పొద్దు పలికుంటే జన్మంతా సుందరినే’ అన్నింది. చివరికి మా అవ్వే ‘వరద...’ అనింది. దానికి ‘అమ్మా’ చేర్చేదానికి నోరు రాలా, తన్ని తానే పిలుచుకున్నట్టు అనిపించిందంట. ‘వరదూ!’ అని కేక పెట్టింది. మా అమ్మ పైట దోపుకోని ఒకటే పరుగు. ఇద్దరూ కూడి పడుగంతా చుట్టి నడవలో పడేసినారు. తడిసి వణకతా, ‘అమ్మ అనేది నువ్వు పెట్టుకో అత్తా, వరదు నాకు చాలు’ అన్నింది మా అమ్మ. అవ్వకి కోపం రాలా, నవ్వొచ్చింది. ఆ నవ్వుతో సుందరి పోయింది, అందరికీ వరదూనే.

అవ్వ మంచాన పడినప్పుడు మా అమ్మే అంతా చూసింది. పోయే పొద్దు చెయ్యి పట్టుకోని, ‘వరదమ్మా, ఇంక పేరంతా నీకే’ అన్నిందే! మా అమ్మ ఏడుస్తానే తల అడ్డంగా ఊపింది. ‘వద్దత్తా. వరదూ అనే పిలువు’ అనింది.

పిలిచింది.

...కరెంటు పోయినట్టుంది. ఆ కిటికీ కొంచెం తెరువు.