అన్నయ్యకు ఇచ్చిన కోఎంజైమ్ బిళ్లలు

హలో, అందరికీ నమస్కారం, మాట వినబడుతోందా? మన సంచక్కగారి సంగతి చెబుతున్నాను, కాసేపు లైనులోనే ఉండండి.

1989 జూన్ 12న మన ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరిన ఆవిడ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదేళ్లు కిటికీ వద్ద మందులందించి, ఆపై గుండెజబ్బుల విభాగానికి మారారు. ఎవరొచ్చినా, "ముందు సంచి బోర్లించండి, ఇంకేం మింగుతున్నారో చూడాలి" అనేవారు. సంచక్క అన్న పేరు అలా వచ్చిందే.

నాలుగేళ్ల క్రితం, కృత్రిమ గుండె కవాటంతో, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్న ఆవిడ అన్నయ్య, "మెట్లెక్కితే కాళ్లు లాగేస్తున్నాయే" అన్నారు. అక్కగారు కోఎంజైమ్ క్యూ10 బిళ్లలు తెచ్చిచ్చారు. కణాలు తిండిని శక్తిగా మార్చుకోవడానికి తోడ్పడుతూ, వాటిని హానికర రసాయనాల నుంచి కాపాడే ఆ పదార్థం వయసుతో తగ్గుతుందన్నది నిజమే.

మూడు వారాలకు, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో తెలిపే, 2.5కి తగ్గకూడని రక్తపరీక్ష అంకె 1.6కి పడిపోయింది. రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం వస్తే? డాక్టరు మాత్ర మోతాదు పెంచబోతుండగా అక్కగారు ఆపారు.

"ఆగండి సార్! కోఎంజైమ్ బిళ్లలు నేనే ఇచ్చాను. దానికి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె పోలికుంది, కొందరిలో మీ మాత్రను పనిచేయనివ్వదు."

"అందరి సంచులూ బోర్లించే మీరా?"

"ఇంట్లోవాళ్లని అడగలేదు సార్."

అన్నయ్య అడ్డొచ్చారు: "దాన్నేమీ అనకండి, ప్రేమగా పెట్టింది, తిన్నాను."

డాక్టరు బిళ్లలు మాన్పించి, అంకె పెరిగేదాకా ఇంజెక్షన్లు రాశారు. ఇక అక్కగారికి కంటిమీద కునుకు లేదు. గంటకోసారి వీడియో కాల్ చేసేవారు.

"అన్నయ్యా, ఒకసారి నవ్వు."

"ఏం చూసి నవ్వమంటావే?"

"మూతి వంకరపోలేదు కదా అని! రెండు చేతులూ ఎత్తు."

"పొద్దుట్నించీ ఎత్తుతూనే ఉన్నా, మీ వదిన దొంగననుకుంటోంది!"

ఆయన నవ్వేవారు. అక్కగారు మాత్రం ఆ నవ్వు రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూసేవారు.

పన్నెండో రోజు ల్యాబు చీటీలో 2.7 వచ్చింది. అక్కగారు కళ్లు తుడుచుకుని, నేరుగా విభాగంలోని పొరపాట్ల పుస్తకం తెరిచి తన పేరుతోనే అంతా రాశారు. అంతవరకూ ఖాళీగా ఉన్న ఆ పుస్తకంలో మరునాడే ఒక నర్సమ్మ తన పొరపాటు రాసింది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు రాశారు.

అంతటి ధైర్యాన్ని మాకు నేర్పిన సంచక్కగారు ఇకనైనా దిగులు లేకుండా నిద్రపోతూ, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని మా అందరి ఆకాంక్ష.

మీ ఇంట్లో రక్తం పలచన చేసే మాత్రలు వాడేవారుంటే ఈ సంగతి వాళ్లకు చేరవేయండి. డాక్టరును అడగకుండా కొత్త బిళ్ల మింగొద్దనీ, పాతది మానొద్దనీ కూడా చెప్పండి.